వెన్న కాచిన చేతికి బేకన్ కొత్త కాదు

ప్రశ్న:

అన్నయ్య గారికి నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. మా అబ్బాయి ఓడ మీద హౌస్‌కీపింగ్‌లో పనిచేస్తాడు. తొమ్మిది నెలల తర్వాత ఈ క్రిస్మస్‌కి ఇంటికి వస్తున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా పొద్దున్న టిఫిన్‌లో పెట్టే బేకన్ అనే పంది మాంసం ముక్కల గురించి చెబుతాడు, కరకరలాడుతుందమ్మా అంటాడు. పండగ పొద్దున్న నా చేత్తో చేసి పెట్టాలని ఆశ. మా ఆడపడుచు విశాఖ నుంచి 200 గ్రాముల ప్యాకెట్లు మూడు పంపింది. వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్ ఇంట్లో ఉంది. ఒక ప్యాకెట్ రెండు విడతలుగా చేసి చూశాను. మొదటిసారి పగలు, 200 డిగ్రీల్లో 12 నిమిషాలు పెట్టాను. అంచులు మాడాయి, మధ్యలో కొవ్వు రబ్బరులా ఉండిపోయింది. రెండోసారి సాయంత్రం అలాగే పెడితే తోలులా సాగింది. వంటగది నిండా పొగ. ఒక ముక్క ఎగిరి పైన కాయిల్‌కి అంటుకుంది, భయపడి స్విచ్ తీసేశాను. ఇంకో సంగతి, మా అత్తగారు పంది మాంసం ముట్టరు. ఆవిడకి చేమదుంపలు అందులోనే వేయిస్తుంటాను. ఇక మీదట అందులో ఆవిడకి వండొచ్చా? ఇక్కడి సంతలో దొరికే మాంసంతో బేకన్ అవుతుందా? మిగిలినవి రెండే ప్యాకెట్లు. చాలా టెన్షన్‌గా ఉంది.

— ఒక అమ్మ, గుణుపురం

సమాధానం:

చెల్లెమ్మా, ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ఇంట్లో వెన్న కాచేటప్పుడు పొయ్యి ఎంత మంటలో పెడతారు? సన్న సెగే కదా. పెద్ద మంట పెడితే పైన నురగ ఇంకా తెల్లగా ఉండగానే అడుగున మడ్డి నల్లబడిపోతుంది, నెయ్యంతా మాడు కంపు కొడుతుంది. సన్న సెగ మీద అయితే మొదట చిటపటలాడుతుంది. వెన్నలో మిగిలిన మజ్జిగ నీళ్లు ఆవిరవుతున్న చప్పుడది. కాసేపటికి ఆ చప్పుడు సద్దుమణుగుతుంది, నురగ పలచబడుతుంది, మడ్డి లేత ఎరుపుకు తిరుగుతుంది. అక్కడ మునగాకు వేసి గిన్నె దింపేస్తారు. ఇంకో నిమిషం ఉంచితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

బేకన్ వేయించడం కూడా ఇదే పని. పోలిక కోసం చెప్పడం లేదు, లోపల జరిగేది నిజంగా అదే. నాది పర్లాకిమిడి. విశాఖలో హోటల్ వంటగదుల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. పొద్దున్న టిఫిన్ సెక్షన్‌కి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి నేను ముందు చెప్పేది ఈ వెన్న మాటే. ఇంట్లో అమ్మ వెన్న కాచడం చూస్తూ పెరిగినవాడు రెండో రోజుకల్లా పని పట్టేసేవాడు.

ఒక ముక్కను పళ్లెంలో పరిచి దగ్గరగా చూడండి. తెల్లటి చారలు కొవ్వు, గులాబీ చారలు కండ. పంది పొట్ట భాగాన్ని ఉప్పు, కాస్త చక్కెర, నైట్రైట్ అనే లవణంతో ఊరబెట్టి, పొగ పట్టించి, పలచగా కోస్తే బేకన్. ఊరబెట్టే ఉప్పునీళ్లను ఫ్యాక్టరీల్లో సూదులతో మాంసంలోకి ఎక్కించడం మామూలే, అందుకే ప్యాకెట్ బేకన్‌లో నీరు బాగా ఉంటుంది. వేడి తగలగానే తెల్లటి నురగలా బయటికి వచ్చేది ఆ నీరూ, దాంతోపాటు మాంసకృత్తులూ. ఈ నీరు ఉన్నంతసేపు ముక్క 100 డిగ్రీలు దాటి పెద్దగా వేడెక్కదు. ఉడుకుతుందే గాని వేగదు. నీరు పోయాకే వేడి పైకి లేస్తుంది, 140 డిగ్రీల దగ్గర నుంచి ఎర్రబడటం బాగా మొదలవుతుంది. ఈలోపు తెల్ల చారలో కొవ్వు కరిగి బయటికి రావాలి. కొవ్వు చిన్న చిన్న గదుల్లో ఉంటుంది, ఆ గదుల గోడలు మెత్తబడి విడిపోవడానికి కొంత సమయం పడుతుంది. మీరు తొందరపెట్టినా అది తొందరపడదు.

మొదటిసారి మీకు జరిగింది ఇదే. 200 డిగ్రీల గాలి అంచుల మీద కొట్టింది. అంచులు పలచన, నీరు వెంటనే పోయింది, ఊరబెట్టినప్పటి చక్కెర మాడింది. మధ్యలో కొవ్వు గదులకి మాత్రం సమయం చాలలేదు. పెద్ద మంట మీద వెన్న కాచిన లెక్క. మీ చేతిలో తప్పేమీ లేదు. ఎయిర్ ఫ్రయర్‌తో వచ్చే పుస్తకాల్లోనూ డబ్బా మీదా 200 అనే రాసి ఉంటుంది చాలా వాటికి, అది మందంగా కోసిన ముక్కకి కొంతవరకు నడుస్తుంది. మన దగ్గర దొరికే పలచటి ముక్కకి నడవదు.

మీకు సంతోషం కలిగించే సంగతి ఒకటి చెబుతాను. ఓడల్లాంటి పెద్ద వంటగదుల్లో బేకన్‌ని పెనం మీద ఒక్కొక్కటిగా కాల్చరు, వందల మందికి అలా కుదరదు. ట్రేల మీద వరసగా పరిచి ఓవెన్‌లో పెడతారు. మీ ఎయిర్ ఫ్రయర్ పేరుకి ఫ్రయర్ గాని, నిజానికి అదొక చిన్న ఓవెన్. పైన కాయిల్, దాని మీద ఫ్యాన్, వేడిగాలి గిరగిరా తిరగడం, అంతే. ఫిలిప్స్ వాళ్లు 2010లో బెర్లిన్‌లో జరిగిన ప్రదర్శనలో ఈ పేరుతో మొదట చూపించారు. కాబట్టి మీ అబ్బాయి నాలుక మీద ఉన్న రుచి ఓవెన్ బేకన్ రుచే. దానికి దగ్గరగా చేయగలిగిన సామాను మీ ఇంట్లోనే ఉంది.

ఇక చేసే పద్ధతి. ముందు రోజు రాత్రే ప్యాకెట్‌ని ఫ్రీజర్ నుంచి కింద ఫ్రిజ్‌లోకి దించండి. గడ్డకట్టి ఉండగా ముక్కలు విడదీయబోతే చిరిగిపోతాయి. బయట గట్టు మీద పెట్టి కరిగించవద్దు. పొద్దున్నకల్లా మెత్తబడుతుంది, అప్పుడు ఒక్కో ముక్కనీ అంచు పట్టుకుని నెమ్మదిగా ఒలవండి. టిష్యూ పేపర్ గాని శుభ్రమైన పాత నూలు గుడ్డ గాని తీసుకుని రెండు వైపులా అద్దండి. ఈ పని ఎవరూ చేయరు, కాని తోలులా సాగడానికీ కరకరలాడటానికీ మధ్య సగం తేడా ఇక్కడే ఉంది. గుడ్డకి ఎంత తడి అంటుతుందో చూస్తే మీకే తెలుస్తుంది. నూనె చుక్క కూడా వద్దు. ఉప్పు అసలే వద్దు.

మిషన్‌ని ముందుగా వేడి చేయకండి. చల్లటి బుట్టలోనే ముక్కల్ని పక్కపక్కన పరచండి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఎక్కిన చోట గాలి ఆడదు, అక్కడ ఉడికిన మాంసంలా పాలిపోయి మిగులుతుంది. నాలుగు లీటర్ల బుట్టలో నాలుగు ముక్కలు, మహా అయితే అయిదు. పొడవు ఎక్కువైతే సగానికి కోసేయండి, తప్పేం లేదు. ఇప్పుడు 160 డిగ్రీలు, ఆరు నిమిషాలు.

ఆరు నిమిషాలకి తీసి చూస్తే చాలామంది నిరుత్సాహపడతారు. ముక్క ముడుచుకుని, పాలిపోయి, జిడ్డుగా, మీద నురగతో ఉంటుంది. అదే కావలసింది. తెల్ల చార గాజులా మారి లోపల వెలుతురు కనిపిస్తోందా అని చూడండి. మారితే కొవ్వు గదులు తెరుచుకున్నాయని అర్థం. ఇంకా పాలలా తెల్లగా ఉంటే మరో నిమిషం. అప్పుడు ముక్కల్ని తిరగేసి, 180కి పెంచి, మూడు నిమిషాలు. ఇక్కడి నుంచి మిషన్ దగ్గర నుంచి కదలకండి. ఫ్యాన్ హోరులో చిటపట వినిపించదు, కాబట్టి చెవితో చేసే పని కంటితో చేయాలి. నిమిషానికోసారి బుట్ట లాగి చూడండి. నురగ పెద్ద బుడగలుగా ఉంటే నీరు ఇంకా ఉంది. బుడగలు చిన్నవై, సన్నబడి, ముక్క తన కొవ్వులో తానే మెరుస్తూ లేత ఇటుక రంగుకి వస్తే అయిపోయినట్టే. పలచటి ముక్కలకి మొత్తం తొమ్మిది పది నిమిషాలు పడుతుంది. మందమైతే పన్నెండు దాకా వెళ్లొచ్చు.

తీసినప్పుడు మెత్తగానే వేలాడుతుంది చెల్లెమ్మా. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కరకరలాడలేదని మళ్లీ లోపల పెట్టి మాడ్చుకునేది ఇక్కడే. ముక్కలో మిగిలిన కొవ్వు వేడిగా ఉన్నంతసేపు ద్రవంగా ఉంటుంది, ఆ వేడికి ముక్క ఇంకా వేగుతూనే ఉంటుంది. స్టీలు జాలీ మీద రెండు నిమిషాలు ఆరనిస్తే గట్టిపడుతుంది. అప్పడం కూడా నూనెలోంచి తీసిన క్షణంలో వంగుతుంది, తర్వాతే కదా పెళపెళలాడేది. మీకు కావలసిన రంగుకి ఒక మెట్టు ముందే తీసేయండి.

సాయంత్రం అదే టైమ్ పెట్టినా తోలులా ఎందుకు సాగిందంటే, నా అనుమానం వోల్టేజ్ మీద. మన వైపు లైట్లు వెలిగించే వేళకి ఫ్యాన్ నెమ్మదించడం, బల్బు గుడ్డిదవడం కొత్తేం కాదు. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజ్‌తో సమానంగా తగ్గదు, అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లు ఇచ్చే కాయిల్, 180 వోల్టులకి పడితే దాదాపు 920 వాట్లే ఇస్తుంది. మిషన్ మీద 200 అని అంకె వెలుగుతూనే ఉంటుంది, లోపల గాలి ఆ వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, మీరు బుట్ట లాగిన ప్రతిసారీ మళ్లీ మొదటికి వస్తుంది. ముక్క వేగకుండా నీరసంగా ఎండిపోతుంది. అందుకే సాగింది. పగటిపూట చేయండి, లేదా మొదటి దశకి రెండు మూడు నిమిషాలు కలపండి. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కి మాత్రం దీన్ని తగిలించకండి, ఇంత లోడు అది మోయదు. ఇన్వర్టర్ సంగతీ అంతే. ప్లగ్ 16 ఆంప్స్ పెద్ద సాకెట్‌లోనే ఉండాలి. 1500 వాట్లంటే ఆరున్నర ఆంప్స్ లాగుతుంది, 6 ఆంప్స్ చిన్న సాకెట్‌లో అడాప్టర్ పెట్టి నడిపితే ప్లగ్ కాళ్లు కాలిపోతాయి. ఒకసారి ప్లగ్ తీసి చేత్తో పట్టుకుని చూడండి. బాగా వేడిగా ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

పొగ గురించి. పంది కొవ్వు 190 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పొగ పడుతుంది. బుట్టలోంచి కారిన కొవ్వు కింద డ్రాయర్‌లో పలచగా పరుచుకుని కాగుతుంది, మీకు వచ్చిన పొగ అందులోంచి వచ్చింది. బుట్ట కింద, డ్రాయర్ అడుగున నాలుగైదు చెంచాల నీళ్లు పోయండి. కారిన కొవ్వు నీళ్ల మీద పడి చల్లబడుతుంది. ఎక్కువ పోస్తే ఆవిరి పట్టి ముక్క మెత్తబడుతుంది, కాబట్టి నాలుగైదు చెంచాలే. బుట్ట లాగేటప్పుడు కుదుపు లేకుండా లాగండి, కింద వేడి నీళ్లూ కొవ్వూ కలిసి ఉంటాయి. ముందు రోజు చేసిన వేపుడు జిడ్డు డ్రాయర్‌లో మిగిలి ఉన్నా ఇదే పొగ వస్తుంది, కడిగాకే పెట్టండి.

ఎగిరిన ముక్క గురించి మీరు భయపడ్డారు, భయపడాల్సిందే. పర్లాకిమిడిలో మా అక్క ఇంట్లో ఒకసారి ఖాళీ బుట్టలో బటర్ పేపర్ ఒక్కటే పెట్టి మిషన్ వేడెక్కనిచ్చారు. పేపర్ లేచి కాయిల్‌కి అతుక్కుని నిప్పంటుకుంది. మా అక్క కంగారులో డ్రాయర్ బయటికి లాగింది. గాలి తగలగానే మంట జానెడు లేచింది. నేను గోడ దగ్గర ప్లగ్ పీకి, డ్రాయర్ మళ్లీ లోపలికి నెట్టి మూసేశాను. అర నిమిషంలో ఆరిపోయింది. ఆ పక్కనే చెంబుతో నీళ్లు పట్టుకుని మా మేనకోడలు నిలబడి ఉంది. ఆ నీళ్లు పోసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కాగిన కొవ్వు మీద నీళ్లు పోయకూడదు, కరెంటు సామాను మీద అసలే పోయకూడదు. కాబట్టి మీరు స్విచ్ తీయడం చాలా మంచి పని చేశారు. మళ్లీ జరగకుండా, మిషన్‌తో వచ్చిన చిన్న స్టీలు స్టాండ్ ఉంటే దాన్ని ముక్కల మీద బోర్లించండి. అది లేకపోతే బుట్టలో పట్టేంత బరువైన స్టీలు జాలీ ఏదైనా సరే. ముక్కల మీద కొవ్వు ఊరి బరువెక్కాక, అంటే తిరగేసేటప్పుడు, జాలీ తీసేయొచ్చు. బుట్టలో ఫాయిల్ పరచడం వద్దు, రంధ్రాలు మూసుకుపోయి గాలి ఆడదు.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. నా సమాధానం, వద్దు. బుట్ట ఎంత తోమినా, ఫ్యాన్ కొవ్వుని సన్నటి తుంపరగా పైకి విసురుతుంది. అది కాయిల్ మీదా, లోపలి గోడల మీదా పట్టుకుంటుంది. ఆ తర్వాత పెట్టిన చేమదుంపలకి ఆ వాసన అంటుతుంది. ఆరోగ్యానికి దానివల్ల హాని ఏమీ లేదు. కాని ఆవిడ జీవితమంతా ముట్టని పదార్థాన్ని ఆవిడకి తెలియకుండా కంచంలోకి చేర్చడం సరికాదు. ఇప్పటికే ఒక ప్యాకెట్ వండారు కాబట్టి ఈ రోజే వెళ్లి చెప్పేయండి. "మనవడి కోసం చేశాను అత్తయ్యా, మీ దుంపలు ఇక నుంచి మూకుట్లో వేయిస్తాను" అంటే ఏ పెద్దావిడా కోప్పడదు. మా అమ్మ కూడా తినేది కాదు. నాన్న కోసం పెరట్లో రాళ్ల పొయ్యి మీద, విడిగా ఉంచిన మూకుట్లో వండేది, ఆ మూకుడు వంటగది గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఆవిడ ఆ పద్ధతి పెట్టుకున్నందుకు నాన్న ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. మీ ఎయిర్ ఫ్రయర్‌ని కూడా పండగ రోజుల్లో వసారాలో పెట్టుకుంటే వాసన గొడవ సగం తీరుతుంది, పెద్ద సాకెట్ అక్కడ ఉంటేనే సుమా.

కడగడం కష్టమేం కాదు. డ్రాయర్ గోరువెచ్చగా ఉండగానే కొవ్వు వంపేయండి, సింక్‌లో మాత్రం కాదు. డిసెంబర్ చలికి గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది. వేడి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ పోసి ఇరవై నిమిషాలు నానబెడితే జిడ్డు ఊడి వస్తుంది, ఇనుప పీచుతో గీకితే పూత పోతుంది. కాయిల్‌ని మాత్రం ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక, మిషన్ తలకిందులు చేసి, బాగా పిండిన తడిగుడ్డతో తుడవండి. ఆ కొవ్వుని పారబోయక్కర్లేదు కూడా. డ్రాయర్‌లో నీళ్లు పోయకుండా చేసిన విడత ఏదైనా ఉంటే, దాన్ని వడగట్టి సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి, బంగాళదుంపలు వేయించడానికి దానంత రుచి ఇంకోటి లేదు. నీళ్లు కలిసినది నిలవ ఉండదు.

సంత మాంసంతో బేకన్ అవుతుందా అన్నారు. సూటిగా చెప్పాలంటే, బేకన్ అవ్వదు, మంచి ఉప్పు మాంసం అవుతుంది. సంతలో ఒడియాలో ఘుషురి మాంసం అంటే ఇచ్చేస్తారు, కాని అన్ని భాగాలూ కలిపి కొట్టేస్తారు. పొట్ట భాగం విడిగా, కొట్టకుండా, ఒకే పలకగా కావాలని ముందే అడగండి. కొనేముందు కోసిన చోట పరీక్షగా చూడండి. ఉడికిన సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్లటి బుడగలు కండలో కనిపిస్తే ఆ మాంసం ముట్టుకోవద్దు. అది బద్దెపురుగు పిల్ల దశ. ఊరి మీద తిరిగి మేసే పందుల్లో ఈ బెడద ఉంటుంది. కనిపించకపోయినా లోపలి దాకా పూర్తిగా ఉడికించి తినడమే పద్ధతి. అర కిలో పలకకి చర్మం తీసేసి, రెండు చిన్న చెంచాల ఉప్పు, ఒక చెంచా చక్కెర లేదా బెల్లం తురుము, దంచిన మిరియాలు రుద్ది, మూతపెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచండి. తర్వాత తుడిచి, గంటసేపు ఫ్రీజర్‌లో బిగుసుకోనిస్తే కత్తికి లొంగుతుంది. వీలైనంత పలచగా కోసి, పైన చెప్పినట్టే 160లో పది నిమిషాలు, 180లో నాలుగైదు నిమిషాలు. రంగు గులాబీగా రాదు, గోధుమగా వస్తుంది. పొగ రుచి ఉండదు. అయినా తినేవాళ్లు వదిలిపెట్టరు.

ఒక హెచ్చరిక. బేకన్ గులాబీ రంగు కోసం వాడే నైట్రైట్ లవణం ఆన్‌లైన్‌లో అమ్ముతారు. అది గ్రాముల్లో తూచి వాడాల్సింది, చెంచాతో వేసేది కాదు, మోతాదు మించితే విషం. మన కిరాణా కొట్టులో దొరికే సైంధవ లవణం కూడా గులాబీ రంగే గాని దానికీ దీనికీ ఏ సంబంధం లేదు. అది మామూలు ఉప్పే. ఎవరైనా వీడియోలో చెప్పారని మాంసానికి సైంధవ లవణం రుద్ది గోడకి వేలాడదీయవద్దు, మన ఉక్కకి అది కుళ్లిపోతుంది.

బేకన్‌ని రోజూ తినే పదార్థంగా మాత్రం చూడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఇలా ఊరబెట్టి నిల్వచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. పండగకి రెండు ముక్కలు తింటే భయపడక్కర్లేదు. ఓడ మీద మీ అబ్బాయి రోజూ తింటున్నాడంటే మాత్రం తల్లిగా ఒక మాట చెప్పండి. నల్లగా మాడిన ముక్క పారేయండి, మాడ్చిన కొద్దీ అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. ఇంట్లో బీపీ ఉన్నవాళ్లు ఒక ముక్కతో ఆపాలి, ఇది మొత్తం ఉప్పే.

దేనితో పెట్టాలి అంటారా, ఓడ మీద తిన్నట్టు గుడ్లూ బ్రెడ్డూ ఎలాగూ ఉంటాయి. నేనైతే చోడి (రాగి) అంబలి కూడా ఒక గ్లాసు పెడతాను. అంబలిలోకి ఎండు చేపో, ఉల్లిపాయో, పచ్చిమిరపకాయో నంజుకునే నోటికి కరకరలాడే ఉప్పటి బేకన్ ఎంత బాగుంటుందో ఒకసారి చూడండి. తొమ్మిది నెలలు అంబలి మొహం చూడని పిల్లాడు కదా.

మీకు మిగిలినవి రెండు ప్యాకెట్లు కాబట్టి ఇలా చేయండి. వాడు రావడానికి ముందే ఒక మధ్యాహ్నం రెండో ప్యాకెట్ దించి నాలుగు ముక్కలు మాత్రం చేయండి. ఎన్ని నిమిషాలకి తెల్ల చార గాజులా మారింది, ఎన్ని నిమిషాలకి ఇటుక రంగు వచ్చింది అని కాగితం మీద రాసి మిషన్‌కి అంటించండి. మీ మిషన్‌కి, మీ ఇంటి కరెంటుకి ఆ అంకెలే సరైనవి, నేను చెప్పినవి కావు. మిగతా ముక్కలు గాలి తగలని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టవద్దు.

పండగ పొద్దున్న మూడో ప్యాకెట్. మొదటి విడత పది నిమిషాలు పడితే, రెండోది ఎనిమిదికే అయిపోతుంది, అప్పటికి మిషన్ వేడెక్కి ఉంటుంది. విడతకీ విడతకీ మధ్య డ్రాయర్‌లో కొవ్వు వంపి, నీళ్లు మార్చండి. మూడు విడతలకి అరగంట సరిపోతుంది, ఆరాధనకి బయలుదేరే వేళకి గంటన్నర ముందు మొదలుపెట్టండి. ఒకవేళ కరెంటు పోతే కంగారు వద్దు. దోసె పెనం చల్లగా ఉండగానే ముక్కలు పరిచి, గ్యాస్ సిమ్‌లో పెట్టి, పది పన్నెండు నిమిషాలు తిప్పుతూ కాచండి. అక్కడ చిటపట వినిపిస్తుంది కూడా, ఆ చప్పుడు తగ్గగానే తీసేయండి. చేసినవాటిని స్టీలు జాలీ మీద మూత లేకుండా ఆరబెట్టండి. హాట్‌ప్యాక్‌లో మాత్రం పెట్టకండి, ఆవిరి పట్టి అయిదు నిమిషాల్లో మెత్తబడిపోతాయి. చివరి విడత బుట్టలో పరిచి సిద్ధంగా ఉంచుకోండి. మీ అబ్బాయి మొహం కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాక స్విచ్ వేయండి.